మిద్దె మీద మన్ను

ఎమ్మిగనూరులో ఇల్లు కొన్నాక నేను చేసిన మొట్టమొదటి మరమ్మతు, బాగున్న ఇంటిని చెడగొట్టుకోవడం. ఈ సంగతి మా తమ్ముడికి ఇప్పటికీ తెలియదు. ఇది చదివి తెలుసుకుంటే తెలుసుకోనీ, నాకేం భయమా!

మాది ఆదోని. అమ్మా నాన్నా పోయాక, తమ్ముడికి పెళ్లయ్యాక, నేను వాడి ఇంట్లోనే మేడమీది గదిలో ఉండేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లకు ఒక్కో ఏడాది ఒక్కో జవాబు చెప్పి, చివరికి విసుగొచ్చి చెప్పడం మానేశాను. గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో బడిపంతులమ్మను. రోజూ పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరులో దిగి, అక్కడ ఇంకో బస్సెక్కి గోనెగండ్లలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో వేలాడుతూ పోవాలి. ఇరవై ఏళ్లు అలా తిరిగాను.

తమ్ముడూ మరదలూ చెడ్డవాళ్లు కారు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే ఎప్పుడో కొట్లాడి బయటపడేదాన్ని. నా గదిలో ఒక పక్క నా మంచం, ఇంకో పక్క వాళ్ల బియ్యం మూటలు, పాడైపోయిన కూలర్, పెళ్లిళ్లకు తప్ప దించని పెద్ద గుండిగలు. బియ్యం కోసం వచ్చినప్పుడు మరదలు తలుపు కొట్టేది కాదు. ఎందుకు కొట్టాలి, బియ్యం తనవి, గది తనది. "పడుకో వదినా, లెయ్యొద్దు" అంటూ చేట నింపుకుని వెళ్లేది. పైన స్లాబు. ఆదోని ఎండల్లో ఆ స్లాబు కింద మే నెలంతా ఉడికేదాన్ని. తమ్ముడు ఫ్యాను మార్పించాడు, ఆ తర్వాత దానికంటే పెద్ద ఫ్యాను పెట్టించాడు. నాకు కావలసింది ఫ్యాను కాదని వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు.

అందుకే అడగకుండా కొనేశాను. ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్ల సందులో పాత మిద్దె ఇల్లు. నేసేవాళ్లు బెంగళూరు పోయి అక్కడే పనులు చూసుకున్నారు, ఇల్లు అమ్మేశారు. రెండు అంకణాలు, అంటే రెండు చిన్న గదులంత, వంటకు ఒక మూల, వెనక కొంచెం పెరడు. లావు గోడలు. కొయ్య దూలాల మీద దంతెలు, దంతెల మీద పలకలు, పలకల మీద జానెడు మందాన మన్ను. మధ్యలో వెలుతురు కోసం గవాక్షి. నేను చూడటానికి పోయింది నడినెత్తిన ఎండ పేలుతున్న మధ్యాహ్నం. లోపల అడుగు పెడితే ఒళ్లు చల్లబడింది. బేరం ఆడటం కూడా మరిచిపోయాను.

తమ్ముడు చూడటానికి వచ్చాడు. గోడను అరచేత్తో కొట్టాడు, పైకి చూశాడు, నా వైపు చూశాడు.

"ఇది ఇల్లా అక్కా? మన్ను కుప్ప. నీకేమన్నా మతి ఉండాదా?"

"నా మతి సంగతి నీకెందుకురా? ఇల్లు ఎట్లుండాదో సెప్పు."

"ఎట్లుండాదా? వానొస్తే తెలుస్తాది. సూడక్కా, ఒక మాట. ఈ వానాకాలం ఇల్లు కారిందనుకో, నేనే ఆటో తెచ్చి సామాన్లు ఎత్తిస్తా. దీన్ని అమ్మేస్తాం. మల్ల నువ్వు ఇల్లనే మాట నోట్లోంచి తియ్యగూడదు."

"సరే పో. కారితే వస్తా. మల్ల ఆ మాటెత్తను."

ముక్కు మీద కోపం నాకు. ఆ కోపంలో అనేశాను. వాడు స్కూటరెక్కి పోయాక గడప మీద కూలబడి, ఎంత పని చేశానే అనుకున్నాను. కారితే నేను ఆ బియ్యం మూటల పక్కకు పోవాలి, రిటైరయ్యే దాకా, ఆ తర్వాత కూడా, పోయే దాకా అక్కడే ఉండాలి.

ఇల్లు శుభ్రం చేయడం మొదలుపెట్టాను. గోడలకు సున్నం కొట్టించాను. అరుగు కడిగాను. నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాను. పైన చూస్తే ఎండిన గడ్డి, పుల్లలు, తెల్లగా పొడి పొడిగా మన్ను. తమ్ముడి ఇంట్లో స్లాబు రోజూ ఊడ్చి అద్దంలా ఉంచిన చెయ్యి నాది. చూసి ఊరుకుంటానా? గడ్డినంతా వేళ్లతో సహా పీకాను. పరక తీసుకుని ఆ మూల నుంచి ఈ మూల దాకా ఊడ్చాను. ఎంత ఊడ్చినా పొడి వస్తూనే ఉంది, నేను ఊడుస్తూనే ఉన్నాను. తొమ్మిది గంపలు దించి దిబ్బలో పోశాను. సందులో వాళ్లు చూశారు. ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు. పంతులమ్మకు తెలియదా అనుకున్నారట.

పదిహేను రోజులకు సాయంత్రం పూట ఒక జల్లు పడింది. పట్టుమని అరగంట కూడా పడలేదు. ఇంట్లో అయిదు చోట్ల కారింది. బిందె, తపేలా, బకెట్, ఇడ్లీ పాత్ర, చివరికి స్నానం చేసే చెంబు కూడా పెట్టాను. సరిగ్గా అప్పుడే ఫోను.

"అక్కా, ఈడ బాగా పడింది. ఆడ?"

"ఈడ ఏదో నాలుగు చినుకులు."

"కారిందా?"

"చుక్క పడలే."

ఫోను పట్టుకున్న చేతి మీదే చుక్క పడింది. పిల్లలకు అబద్ధం ఆడకూడదని రోజూ చెప్పే నోరు నాది. ఏం చేయను? అది వాన కాదు, జల్లు. వాడు అన్నది వాన. ఏది వానో ఏది జల్లో నేనే తీర్పు చెప్పేసుకుని ఆ రోజుకు ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు ఎదురింటి అవ్వ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆలూరులో కూతురి దగ్గర నెల రోజులుండి అప్పుడే తిరిగొచ్చింది. నన్ను పలకరించడానికి వచ్చి, పలకరించకుండానే తలెత్తి పైకప్పు చూసింది. పలకల మీద తడి మరకలు చూసింది.

"మిద్దె మింద ఏం సేసినావు?"

"ఏం సేయలేదవ్వా. శుభ్రంగా ఊడ్చినా అంతే."

"ఊడ్సినావా! యాడ పోసినావు?"

"దిబ్బలో."

అవ్వ గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది, నీళ్లిచ్చాను. తాగి మళ్లీ నవ్వింది.

"అది కసువు కాదే తల్లీ, అదే మిద్దె! మిద్దెను ఊడ్సి దిబ్బలో పోసుకుంటివి కదే! అది సౌడు మన్ను. ఏండ్ల తరబడి ఏసింది. గడ్డి వేరు పీకితే వేరున్నంత కన్నం. నీకెవురు సెప్పినారే సదువు?"

నాకు ఒళ్లు మండింది, సిగ్గూ వేసింది. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషిని, ఊడ్చేసిన దాన్ని మళ్లీ తెచ్చుకుందామని దిబ్బకు పరిగెత్తాను. దాన్ని పందులు కలియబెట్టేశాయి.

ఒక మేస్త్రీని పిలిపించాను. ఆయన మిద్దె ఎక్కి దిగి, చేతులు దులుపుకున్నాడు. "దీన్ని పడగొట్టి స్లాబు ఏసుకో మేడమ్. లేదంటే పైన సిమెంటు పోస్తా, రెండేండ్లు నిలుస్తాది." సిమెంటు అనగానే గడపలో కూర్చున్న అవ్వ లేచింది. "మన్ను మింద సిమెంటు పోస్తే అది పగులుతాది, పగుల్లోంచి పోయిన నీళ్లు మల్ల బయటికి రావు, కొయ్యంతా మురిగి నెత్తిన పడతాది. నువ్వు పోప్పా, నీ పని సూసుకో." మేస్త్రీ నా వైపు చూశాడు. ఎవరి మాట వినాలో నాకూ తెలియదు. కానీ ఆ స్లాబు అన్న మాట వినగానే ఆదోని గది వేడి ముఖాన కొట్టినట్టయింది. "అవ్వ సెప్పింది కదన్నా, పో" అన్నాను.

సౌడు కోసం ఆదివారం బయలుదేరాం. చౌడు భూముల మన్ను, ఉప్పదనం ఉంటుంది, తడిస్తే ముద్దయి నీటిని దిగనివ్వదు. ఇప్పుడు దాన్ని అమ్మేవాళ్లు లేరు, ఎవరికి కావాలి గనుక? ఒక ట్రాలీ ఆటో మాట్లాడాను. అవ్వ డ్రైవరు పక్కన దొరసానిలా కూర్చుంది, నేను వెనక గంపలతో. గోనెగండ్ల దారిలో ఒక వంక పక్కన నేల తెల్లగా కనపడితే ఆపాం. అవ్వ చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. "ఇది ఉత్త సుద్ద." ఇంకో చోట కూడా ఉమ్మేసింది. మూడో చోట చప్పరించి నాకూ ఇచ్చింది. "నువ్వూ సూడు. నేను సచ్చినాక నీకెవురు సూసిస్తారు?" బడిపంతులమ్మను, దారిన పోయే బస్సుల్లో నా విద్యార్థుల తల్లిదండ్రులుంటారు, రోడ్డు పక్కన నిలబడి మన్ను తిన్నాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసినట్టుంది. "ఇదే" అంది అవ్వ.

రెండు రోజులు సెలవు పెట్టి పని చేశాను. కూలికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. గడ్డలు చిదిపి, రాళ్లు ఏరి, పొడి మన్ను పైకి మోసి, బెత్తెడు మందాన పరిచాం. నీళ్లు కిందికి పోయే రాతి దోని వైపుకు వాలు పెట్టాం. నీళ్లు చిలకరించి ఉత్త కాళ్లతో తొక్కాం, చెక్కతో సాపు చేశాం. అవ్వ ఎక్కలేదు గానీ కింద నుంచి ఆమె నోరు మాత్రం మిద్దె మీదే ఉంది. సందులో పోయే ఒకాయన ఆగి, "ఏం మేడమ్, ఇంట్లో మొగోళ్లు లేరా?" అన్నాడు. "లేరన్నా. గంప అందుకుంటావా?" అన్నాను. ఆయనకు ఎక్కడో పని గుర్తొచ్చింది.

ఆ తర్వాత చిన్న వానలు నాలుగైదు పడ్డాయి. కారలేదు. ప్రతి వానకూ తమ్ముడు ఫోను చేశాడు, ప్రతిసారీ నిజమే చెప్పాను. గొంతులో గర్వం దాచుకోలేకపోయాను. వాడికి అది వినపడే ఉంటుంది.

అసలు వాన ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. వానకంటే ముందు తమ్ముడు వచ్చాడు. సందు చివర ఆటో ఆపించుకుని, టార్పాలిన్ పట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఆదోనిలో పొద్దున్నుంచి దంచుతాండాది అక్కా. ఇట్లే వస్తాంది. సామాన్లు తడవకముందే సర్దుకో."

"ఇంగా కారలేదు కదరా!"

"కారినాక ఏం సర్దుతావు?"

ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. అయినా కుర్చీ వేశాను, బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి పెట్టాను. తమ్ముడు కదా, ఆకలి మీద ఉన్నాడు. వాడు ముద్ద ముద్దకూ పైకి చూస్తూ తిన్నాడు. వాన మొదలైంది. చినుకులు కాదు, కుండపోత. సందు కాలవైంది. దోనిలోంచి నీళ్లు తొట్టిలోకి ధారగా పడుతుంటే నాకు ఆ చప్పుడు వినడానికి ఎంత బాగుందో! గంట గడిచింది. ఇల్లు పొడిగానే ఉంది. "ఏమప్పా? ఎట్లుండాది మన్ను కుప్ప?" అన్నాను. వాడు మళ్లీ పైకి చూశాడు.

అప్పుడు మంచం మీద టప్‌మని చప్పుడైంది. చూశాను. దుప్పటి మీద రూపాయి బిళ్లంత తడి. ఇంకో చుక్క పడింది. ఆ తర్వాత ఆగకుండా పడ్డాయి.

తమ్ముడు ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. చేయలేదు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేక్కా" అన్నాడు. చాలా మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనమే నన్ను ఇరవై ఏళ్లు ఆ బియ్యం మూటల పక్కన పడుకోబెట్టింది. ఏడుపును తోసుకుని కోపం పైకొచ్చింది.

"కారింది. నిజమే. కారితే వస్తానన్నా, అదీ నిజమే. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటాండా. ఏం సేస్తావో సెయ్!"

మంచం పక్కకు లాగాను. మిగిలితే పెరట్లో కప్పి పెట్టుకున్న సౌడు గంపకెత్తుకున్నాను, చీర కుచ్చిళ్లు దోపుకున్నాను, నిచ్చెన ఎక్కాను. "అక్కా! జారి పడతావు! ఊరంతా సూస్తాంది!" అని వాడు కింద అరుస్తున్నాడు. సూడనీ. పైకెక్కితే ఒకటే నీళ్లు, కళ్లు తెరవనీయడం లేదు. కన్నం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? మిద్దెంతా ఒక్కలాగే ఉంది. గంప పట్టుకుని పిచ్చిదానిలా నిలబడ్డాను.

ఎదురింటి తలుపులోంచి అవ్వ గొంతు వినపడింది. "ఒకరు పైన, ఒకరు లోపల! లోపల ఎవురన్నా ఉండారా? రోకలితో కారే తావ గుద్దమను! కాలికి తెలుస్తాది!"

గవాక్షి మీది రేకు కొంచెం జరిపి నోరు పెట్టాను. "ఒరేయ్! వంటింట్లో రోకలుండాది! ఎక్కడ కారుతాందో ఆడ పైకి గుద్దు!"

వాడు గుద్దడనుకున్నాను. వాడు వచ్చింది సామాన్లు తీసుకుపోవడానికి, ఇల్లు బాగుచేయడానికి కాదు కదా. ఇంకోసారి పిలవకూడదని పళ్లు బిగబట్టాను.

అరికాలి కింద ధనామని అదిరింది. నా ఎడమ కాలికి మూరెడు దూరం. అక్కడికి జరిగాను. మళ్లీ గుద్దాడు, సరిగ్గా మడమ కింద. గుప్పెడు గుప్పెడుగా సౌడు వేసి తొక్కాను.

"నిలిచిందా?"

"లేదు! రోంత గోడ దిక్కు!"

జరిగి వేశాను, తొక్కాను.

"ఇప్పుడు?"

"తగ్గింది! ఇంగ రోంత!"

గంపలో ఉన్నదంతా వేసి మడమలతో అణిచాను. వానలో ఆ తొక్కుడుకు నాకే నవ్వొచ్చింది. కింద నుంచి వాడి గొంతు: "నిలిచిందక్కా! నిలిచిపోయింది!" చిన్నప్పుడు గోళీలాటలో గెలిస్తే వాడు అలాగే అరిచేవాడు. నేను దిగబోతుంటే మళ్లీ అరిచాడు. "ఆగాగు, దిగొద్దు! వంటింటి తావ పలక సెమ్మగిల్లింది. అది కారకముందే ఎయ్!" ధనాధనా గుద్దాడు. ఇంకో గంప మోశాను. ఆ తర్వాత వాడే ఇంటిలో పలక పలకా వెతకడం మొదలుపెట్టాడు. "దూలం పక్కన సూడు! ఆడ కాదు, తలుపు దిక్కు! నీకు దిక్కులు తెలీదా, ఏం పంతులమ్మవు?" అని నన్నే తిట్టాడు. నేనూ తిట్టాను. సందు సందంతా విన్నారు.

వాన సన్నబడ్డాక దిగాను. జుట్టు నుంచి కాళ్ల దాకా మన్ను. వాడు రోకలి పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉన్నాడు. పైకి చూసి చూసి ముఖం నిండా మట్టినీళ్లు, ఇస్త్రీ చొక్కా పాడైంది. ఇద్దరం కాసేపు చుక్క కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాం. చుక్క పడలేదు.

"నేను లేకుంటే లోపల నుంచి ఎవురు గుద్దేదక్కా?" అన్నాడు.

నన్ను ఇరికించాలని అడగలేదు. నిజంగానే అడిగాడు. అవ్వ రోకలి ఎత్తలేదు. కూలివాళ్లు వానలో రారు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఎవురూ లేకుంటే కారుతాది. గిన్నె పెట్టుకుంటా. వాన నిలిచినాక ఎక్కి మూస్తా. మల్ల కారితే మల్ల ఎక్కుతా. నేనైతే రానురా. మేడమీద గదిలో ఇంగ మీ బియ్యం మూటలే పెట్టుకోండి."

సందు చివర ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. "సామాన్లు ఎత్తేదుందా లేదా సార్?" అని కేకేశాడు. తమ్ముడు రోకలి చేతిలో పెట్టుకునే గడప దాటి చినుకుల్లోకి పోయాడు.

"ఎత్తేదేం లేదప్పా. నువ్వు పో."

తను వచ్చింది కూడా ఆ ఆటోలోనేనని, అది సందు మలుపు తిరిగాక గానీ వాడికి గుర్తు రాలేదు.